రెండు వేళ్ళ సందు

ఉమామహేశ్ చొక్కాకి అప్పటికే రెండు గుండీలు తెగిపోయాయి. మూడోది తెగేలోపు ఆరాధన వాడికీ పుల్లయ్యకీ మధ్యకి వెళ్ళి నిలబడింది.

"చెయ్యి తీ మామా. మా అంగడి ముందర ఇట్లాంటివి వద్దు."

పుల్లయ్య చెయ్యి తియ్యలేదు గానీ పట్టు కాస్త సడలించాడు. ఆళ్ళగడ్డ నుంచి కడప దాకా చిన్న ట్రక్కులో ఉమామహేశ్‌ని పక్కనే కూర్చోబెట్టుకుని వచ్చాడాయన. ట్రక్కు వెనక తాళ్ళతో కట్టేసిన ఎర్ర జావా మోటర్‌సైకిల్ పక్కకి ఒరిగి ఉంది. హ్యాండిల్ మెడ విరిగినట్టు తిరిగిపోయింది. హెడ్‌లైటు అద్దం లేదు. ముందు చక్రానికీ దాని మీది మడ్‌గార్డుకీ మధ్య నల్లరేగడి ఇటుకలా గడ్డకట్టింది.

"నా కొడుకు ఇదే ఊర్లో ఆస్పత్రిలో పండుకోనుండాడు. కాలు రెండు తావుల ఇరిగింది. తలకాయకి ఇంకొంచెం తగిలుంటే..." పుల్లయ్య ఒరిగిన బండి వైపు చూశాడు. "నిన్న అహోబిలం దారిలో పోతాపోతా ముందు చక్రం పట్టేసింది. బండి ఆడనే నిల్చిపోయింది, వాడు ఎగిరి పడినాడు. ఆ చక్రం కాడ చెయ్యి పెట్టినోళ్ళు ఇద్దరే. మీ నాయన మడ్‌గార్డు బిగించినాడు. ఆ తర్వాత వీడు పంచరేసినాడు. ఇద్దరిలో ఎవరి తప్పో మీ నాయననే చెప్పమను. ఎవరి పేరు చెప్తే వాని మీద పోలీసు కంప్లెయింటు ఇస్తా. వీడైతే నా కాంప్లెక్సులో వీని అంగడి కూడా ఖాళీ చెయ్యాల."

ముద్దాయిలు ఇద్దరుంటే అందులో ఒకడినే జడ్జీగా కూర్చోబెట్టడం ఏ కోర్టులోనూ ఉండదు. కానీ పాత మోటర్‌సైకిళ్ళ విషయంలో కడప నుంచి కర్నూలు దాకా ఆరాధన తండ్రి లేవి మాటకి ఉన్న విలువ అలాంటిది. పుల్లయ్య తండ్రి ఆ జావా కొన్న రోజుల నుంచీ దాని మంచీ చెడ్డా చూసింది లేవి చేతులే. తన తప్పుంటే తనే చెప్పేస్తాడని పుల్లయ్యకి నమ్మకం. ఆ నమ్మకం ఉమామహేశ్‌కీ ఉన్నట్టుంది. నోరెత్తకుండా లోపలి గుమ్మం వైపే చూస్తున్నాడు.

లేవి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఒకప్పుడు ఆ గుమ్మానికి సరిపోయిన మనిషి. షుగరు జబ్బు మనిషిని సగం చేసింది. బెల్టుకి మేకుతో కొత్త రంధ్రాలు పొడుచుకున్నాడు. చర్చిలో భార్య జీవమ్మ తొడిగిన పెళ్ళి ఉంగరం, ఆమె పోయాక కూడా తియ్యనిది, దారం చుట్టుకుని వేలికుంది. గొంతు మాత్రం పాతదే.

"దించండప్పా," అన్నాడు.

బండిని దించి స్టాండు మీద నిలబెట్టారు. లేవి గొంతుక్కూర్చుని స్క్రూడ్రైవరుతో మట్టిగడ్డని పొడిచాడు. చక్రాన్ని కదపబోయాడు. కదల్లేదు.

"సందు తగ్గుంటాది. నేను బిగించినప్పుడు టైరుకీ రేకుకీ నడుమ రెండు వేళ్ళ సందు వదిలినా. అంత సందుంటే రేగడి ఎంత చేరినా చక్రమే బయటికి తోసేస్తాది. పట్టిందంటే ఎవరో మడ్‌గార్డుని కిందికి దించినారు." తల తిప్పి ఉమామహేశ్‌ని చూశాడు. "చక్రం ఊడదీసేదానికి అడ్డమని బోల్టులు లూజు చేసి, మళ్ళా ఒత్తిపెట్టి బిగించినావా?"

"లేదు లేవన్నా. మడ్‌గార్డు ముట్టనే లేదు. ఇరుసు లాగినా, చక్రం దించినా, పంచరేసి ఎక్కించినా."

"ముట్టకుండానే దిగిందా?"

"నాకేం తెలుసన్నా."

"నాకు తెలుసు," అన్నాడు లేవి. కోపంగా కాదు, టైమెంత అంటే చెప్పినట్టు చెప్పాడు.

పుల్లయ్యకి అంతే కావాలి. ఫోను తీశాడు. ఆరాధనకి ఉమామహేశ్ మొహం కనిపించింది. అబద్ధం దొరికిపోయిన మొహం కాదది. నమ్ముకున్న మనిషే చెయ్యి వదిలేసిన మొహం.

"మామా, కొంచేపు ఆగు," అంది. "మట్టి కూడా తియ్యలేదింకా. విప్పి చూడకుండా ఒక మనిషిని స్టేషనుకి పంపితే రేపు ఆ మాట మా మీదికే వస్తాది. పొద్దువాలే లోపల తేలుస్తా."

పుల్లయ్య లేవి వైపు చూశాడు. లేవి భుజాలెగరేశాడు. "చూసుకోనీలే. విప్పినా అదే, విప్పకున్నా అదే."

"ఆస్పత్రికి పోయొస్తా," అన్నాడు పుల్లయ్య. "వీడు ఈడనే ఉంటాడు."

ట్రక్కు వెళ్ళిపోయింది. ఉమామహేశ్ పాత టైరు మీద కూలబడ్డాడు. ఆరాధన డబ్బా వెతికి రెండు పిన్నీసులు తెచ్చిచ్చింది.

"పెండ్లిరోజు చొక్కా అక్కా ఇది," అన్నాడు వాడు, తెగిన చోట పట్టుకుని.

"పెండ్లిరోజు చొక్కా ఏసుకోని పంచర్లేస్తావా?"

"ఈ పొద్దే పెండ్లిరోజు. ఆమెని బిర్యానీకి పిల్చకపోదామని తయారైతి. ఈయన వచ్చి ట్రక్కెక్కమన్నాడు. ఆమె ఇంకా నేను పాల ప్యాకెట్టు తెచ్చేదానికి పోయినా అనుకుంటాంటాది."

ఆరాధనకి నవ్వు రాబోయి ఆగిపోయింది.

ఆమె మట్టి తియ్యడం మొదలుపెట్టింది. గడ్డల్ని ఊడబెరికి, మిగిలినదాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. పడ్డప్పుడు మడ్‌గార్డు ముందు పెదవి నలిగింది. చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి బిగించిన నడిమి భాగం మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్కొక్క నట్టు బయటపడుతుంటే ఆమె చెయ్యి నెమ్మదించింది.

లేవికి ఒక అలవాటుంది. నట్టు బిగించాక దాని మీదా, దాన్ని ఆనుకున్న రేకు మీదా కలిపి ఎర్రరంగు చుక్క పెడతాడు. ఆ తర్వాత ఎవరు స్పానరు వేసి తిప్పినా చుక్క మధ్యకి పగులుతుంది. తన పనిలో పరాయి చెయ్యి పడిందా లేదా అన్నది ఆ చుక్కే చెబుతుంది.

చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కదానికీ పగులు లేదు.

అంటే ఉమామహేశ్ చెప్పింది నిజం. మడ్‌గార్డు ఈ అంగడి నుంచి ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది.

లేవి లోపల పాస్టరు గారి రాజ్‌దూత్ బండి దగ్గర కూర్చుని క్లచ్చు తీగ సవరిస్తున్నాడు. ఆరాధన వెళ్ళి చెప్పింది. "నాయనా, నీ చుక్కలు అట్లనే ఉండాయి. వాడు ముట్టలేదు."

లేవి చెయ్యి ఆగింది.

"అయితే రేకులోనే తేడా. నేను వదిలిన సందు నేను వదిలినా. నువ్వు తెచ్చిన మడ్‌గార్డు వేరే బండిదేమో చూసుకో పాపా. వంపు ఒకతావ తక్కువుంటాది."

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. మడ్‌గార్డు వెతికింది ఆమే.

పాత బండికి భాగం వెతకడమంటే మనిషికి పళ్ళు వెతకడం లాంటిదని ఆరాధన అంటుంటుంది. నోట్లో పట్టేవి చాలా దొరుకుతాయి. నమిలేవి దొరకవు. ఫోనులో చూసి తెప్పించే కొత్త మడ్‌గార్డులు పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతూ వస్తాయి. బిగించబోతే ఒకవైపు టైరుని రాస్తాయి, ఇంకోవైపు ఫోర్కుకి అందవు. సుత్తితో కొట్టి సరిచేస్తే మెరుగు పగిలి, మొదటి వానకే తుప్పు. ఎందుకంటే అన్నేళ్ళు తిరిగిన బండి పుట్టినప్పటి కొలతల్లో ఉండదు. ఎక్కడో పడుంటుంది, ఎవరో ఫోర్కు సవరించి ఉంటారు. ఒకే ఏడాది తయారైన రెండు జావాల మడ్‌గార్డులు ఒకదానిది ఇంకోదానికి పట్టదు. అందుకే ఆమె ఏ బండి వచ్చినా ముందు చక్రం వంపుకి అట్టముక్క కోసి పెట్టుకుంటుంది. ఆ అట్ట చంకన పెట్టుకుని కర్నూలు పాతసామాన్ల అంగళ్ళు, ప్రొద్దుటూరు షెడ్లు, అన్నీ తిరుగుతుంది.

జావాకి సరిపోయేది చివరికి మంగంపేటలో దొరికింది. గనుల్లో సర్వే పని చేసిన ఒకాయన బండి, ఆయన పోయాక పశువుల కొట్టంలో పడి ఉంది. మడ్‌గార్డు లోపలంతా ముగ్గురాయి పొడి సున్నంలా పట్టేసింది. ఆ పొడే రేకుని తుప్పు నుంచి కాపాడింది. అట్ట పెట్టి చూసినప్పుడు వంపు వంపుని వెతుక్కుని కూర్చున్నట్టు కూర్చుంది. బస్సు సీటులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ఆ పొడికి చీర పాడైనా ఆ రోజంతా ఆమెకి పండగే.

ఆ పండగ తప్పేమో ఇప్పుడు. అట్ట పెట్టినప్పుడు ఆశే కళ్ళకి అడ్డం పడిందా? సరిపోవాలన్న తొందరలో సరిపోయిందనుకుందా?

అటక మీద నుంచి జావా అట్టని తీసింది. భయపడుతూనే మడ్‌గార్డు లోపల ఆనించింది. ఈ చివర నుంచి నలిగిన చోటు దాకా వెలుగు దూరే సందు కూడా లేదు.

రేకు తప్పు కాదు. పంచరు తప్పు కాదు. మరి?

మిగిలింది బండి నడిపినవాడు. ఆరాధన అంగడి తండ్రికి ఒప్పజెప్పి ఆస్పత్రికి వెళ్ళింది.

పుల్లయ్య కొడుకు భూపేష్ కాలు తాడుకి వేలాడుతోంది. పుల్లయ్య మందులకి కిందికి వెళ్ళినట్టున్నాడు. ఆమెని చూడగానే భూపేష్ అడిగిన మొదటి మాట, "అక్కా, ట్యాంకుకి సొట్ట పడిందా?"

"నీ కాలికంటే బాగుండాది. నిన్న యాడికి పోయినావు?"

"శనగచేలో మోటరు చూసేదానికి. వాన పడింది గదా, రేగడంతా ముద్దయింది. అయినా పోయినా. తాత పొయ్యేటోడు గదా ఇదే బండి మీద. ఎన్ని వానలకి పోయినాడో. ఒక్కసారన్నా చక్రం పట్టిందని అనగా యినలేదు నేను." వాడి గొంతులో నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. "రోడ్డెక్కినాక బురద రాలిపోతాదిలే అనుకున్నా. రాల్లేదు. ఎండి బిగుసుకున్యాది. తిప్పకాడికొచ్చేసరికి..."

"తాత నాటి మడ్‌గార్డుతో ఎప్పుడూ పట్టలేదు."

"ఎప్పుడూ లేదక్కా. నాయన ఉమామహేశ్‌ని ఏమన్నా చేసినాడా? వాడు మంచోడు. అడగక ముందే వెనక చక్రానికి కూడా గాలి కొడతాడు."

తిరిగొచ్చే దారిలో ఆటోలో కూర్చుని ఆమె ఆలోచించింది. అదే బండి, అదే చేను, అదే మట్టి. అప్పుడు కక్కేసిన చక్రం ఇప్పుడెందుకు మింగింది? ఆ జావాకి అప్పటికీ ఇప్పటికీ మారింది మడ్‌గార్డు ఒక్కటే. దాని వంపు సరే, ఇక మిగిలింది నాయన చెబుతున్న సందు.

ఆ సందుని ఆమె ఇంతవరకూ కొలవలేదు. నాయన వదిలానన్నాడు కాబట్టి ఉందనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు.

అంగడికి వచ్చేసరికి ఉమామహేశ్ ఊరికే కూర్చోలేక నేల ఊడుస్తున్నాడు. ఆరాధన జావా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నలగని చోట, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి పెట్టింది. ఆమె పని నేర్చుకునే రోజుల్లో లేవి చెప్పిన మాట ఒకటుంది. 'నీవి సన్నవేళ్ళు పాపా. నాయి రెండు పట్టే తావున నువ్వు మూడు పెట్టు. అప్పుడు ఇద్దరిదీ ఒకటే కొలత.' అప్పటి నుంచీ ఆమె ఎప్పుడూ మూడే పెట్టింది. ఎప్పుడూ సరిపోయింది.

రెండు వేళ్ళు దూరాయి. మూడోది దూరలేదు.

మళ్ళీ ప్రయత్నించింది. వేలి కణుపు దగ్గర చర్మం గీరుకుంది. దూరలేదు.

ఆమె లేచి రాజ్‌దూత్ దగ్గరికి వెళ్ళింది. దాని మడ్‌గార్డు లేవి బిగించి చాలా కాలమైంది, జబ్బు రాకముందు. అక్కడ మూడు వేళ్ళు పెట్టింది. చేతికి కుట్టిన తొడుగులా సరిపోయాయి.

అప్పుడు ఆమె తల తిప్పి తండ్రిని చూసింది. లేవి మాత్ర వేసుకుంటున్నాడు. గ్లాసు పైకెత్తినప్పుడు ఉంగరం వేలి మీద జారి కణుపు దగ్గర ఆగింది. ఎడమచేత్తో దాన్ని వెనక్కి తోసుకున్నాడు. దారం ఒక చుట్టు చుట్టినప్పుడు ఆమె చూసింది. ఇప్పుడక్కడ దారం ఉంగరం కంటే లావుగా ఉంది.

ఆరాధన స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఎవరూ మోసం చెయ్యలేదు. ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు. జీవితమంతా కొలబద్ద ముట్టకుండా తన రెండు వేళ్ళతోనే కొలిచిన మనిషి, ఈసారీ వాటితోనే కొలిచాడు. ఒళ్ళు చిక్కిపోయిందని బెల్టుకి తెలుసు, వేళ్ళు చిక్కిపోయాయని ఉంగరానికి తెలుసు. కొలిచేటప్పుడు ఆయనకే తట్టలేదు.

చెప్పకపోతే? 'మట్టి తప్పు, ఎవరి తప్పూ కాదు' అని పుల్లయ్యకి నచ్చజెప్పొచ్చు. ఉమామహేశ్ బయటపడతాడు. నాయన మాట నిలబడుతుంది. ఆ మాట తప్ప ఆయనకి ఇప్పుడు ఇంకేం మిగిలిందని? పొద్దున్నే లేవడానికి ఆయనకున్న కారణం, ఎవరో ఒకరు బండి తోసుకుంటూ వచ్చి 'లేవన్నా, నువ్వే చూడాల' అనడమే.

కానీ ఈ ఏడాదిలో ఆయన చేతి మీదుగా వెళ్ళిన బండ్లు ఎన్నున్నాయో. ఆళ్ళగడ్డలో, కోయిలకుంట్లలో, నంద్యాలలో, అన్నీ రేగడిలో తిరిగేవే. అన్నిటికీ ఎర్రచుక్కలు పెట్టి పంపాడు. అన్నిటికీ అదే సందు. మళ్ళీ వాన పడుతుంది.

బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది.

పుల్లయ్య లోపలికి వచ్చాడు. ఉమామహేశ్ చీపురు పట్టుకునే నిలబడిపోయాడు.

"తేలిందా?"

"తేలేదేముంది," అన్నాడు లేవి. మాత్ర వేసుకున్నాక ఆయనకి కాస్త ఓపిక వచ్చింది. జావా దగ్గరికి నడిచాడు. "పాప నట్లు చూసింది. వాడు ముట్టలేదంట. సరే, ఒప్పుకుంటా. అనరాని మాట అన్నా, ఏమనుకోవాకు ఉమామహేశా. కానీ నా పని ఎట్లుండాదో నువ్వూ చూడు పుల్లయ్యన్నా."

రెండు వేళ్ళు కలిపి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య పెట్టాడు. బిగువుగా, సరిగ్గా, అటూ ఇటూ కదలకుండా పట్టాయి.

"చూసినావా. రెండు వేళ్ళు. నేను ఎట్ల వదిలినానో అట్లనే ఉండాది."

పుల్లయ్య వంగి చూశాడు. "ఉండాది," అన్నాడు. "మరి చక్రం ఎట్ల పట్టిందప్పా? సందు ఉండాది, బోల్టులు ఉండాయి, వీడు ముట్టలేదు. నా కొడుకు కాలు ఊరికే ఇరిగిందా? ఎవరో ఒకరుండాల గదా."

లేవి వేళ్ళు ఇంకా ఆ సందులోనే ఉన్నాయి. ఆయన మొహంలో మొదటిసారి అయోమయం కనిపించింది. పనిలో తండ్రికి జవాబు తోచకపోవడం ఆరాధన ఎప్పుడూ చూడలేదు.

ఆమె లేచింది.

"నాయనా, ఇట్ల రా."

"యాడికి?"

"ఈడికే. పాస్టరు గారి బండి కాడికి."

లేవి వచ్చాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు ఆ చేతిలో తన చెయ్యి మొత్తం మునిగిపోయేది. ఆ రెండు వేళ్ళని ఆమే రాజ్‌దూత్ టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య పెట్టింది.

"ఇది ఎవరు బిగించినారు నాయనా?"

"నేనే. నీకు తెలీదా."

"ఎంత సందు వదిలినావు?"

"ఎప్పుడూ వదిలేదే. రెండు..."

వేళ్ళు ఆ సందులో ఆడుతున్నాయి. లేవి వాటిని పైకి కదిపాడు, కిందికి కదిపాడు. పైన ఖాళీ, కింద ఖాళీ. ఇంకో వేలు పట్టేంత చోటు. ఉంగరం రేకుకి తగిలి చిన్న చప్పుడు చేసింది.

ఆయన చెయ్యి బయటికి తీసి కళ్ళ ముందు పెట్టుకున్నాడు. కొత్తగా ఎవరిదో చేతికిచ్చినట్టు చూశాడు. దారాన్ని బొటనవేలితో తడిమాడు. జావా వైపు చూశాడు. తర్వాత గోడకి వేలాడుతున్న సామాన్ల వైపు, బయట రోడ్డు వైపు. ఆ రోడ్డు మీదుగా వెళ్ళిన బండ్లన్నీ ఆయనకి గుర్తొస్తున్నాయని ఆరాధనకి అర్థమైంది.

పుల్లయ్యకి ఏమీ అర్థం కాలేదు. "ఏంది లేవీ? ఏం జరగతాంది ఈడ? ఎవరి తప్పో చెప్పప్పా."

లేవి కూతురి వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో దాచమన్న వేడుకోలు లేదు. అదే ఉండి ఉంటే ఆమెకి ఇంకా కష్టమయ్యేది. జీవితమంతా ఎవరి పనిలో తప్పునైనా మొహాన చెప్పిన మనిషి, ఇప్పుడు అదే మర్యాద తనకీ కావాలని అడుగుతున్నట్టు నిలబడ్డాడు.

"చెప్పు పాపా," అన్నాడు. గొంతు మాత్రం పాతదే. "అందరూ యినేటట్టు చెప్పు. ఎవరు?"

ఆరాధన ఆయన చెయ్యి వదల్లేదు.

"నువ్వే నాయనా."